వానపాము చేసే పని, చేయలేని పని

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశం, ముసునూరు. జీవనోపాధుల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది గ్రామ సమాఖ్య సమావేశాల్లో మా ఉపసంఘాన్ని ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటుంది. "మందులు కొట్టి కొట్టి మామిడి తోటలో నేల చచ్చిపోయింది. వానపాములు తెచ్చి వదిలితే బాగుపడుతుందా?" అని. కిలోల లెక్కన వానపాములు కొనడానికి అప్పు అడిగిన అక్కలూ ఉన్నారు. అప్పు కట్టేది మనమే కాబట్టి, సంగతి తెలుసుకున్నాకే డబ్బు పెట్టాలి.

మన తోటల సంగతి మనకు తెలియనిది కాదు. చిన్నరసాలైనా, బంగినపల్లైనా పూత నుంచి కాయ దాకా మందులే. తేనెమంచు పురుగుకు ఒకటి, బూడిద తెగులుకు ఒకటి, మచ్చ తెగులుకు రాగి మందు, పూత రావాలని పాదులో పోసే కల్టార్. చెట్టు మీద కొట్టినదాంట్లో కొంత నేలకే దిగుతుంది. కల్టార్‌లో ఉండే పాక్లోబ్యూట్రజాల్ నేలలో నెలల తరబడి నిలుస్తుంది. ఆ నేల మీద కూర్చుని కలుపు తీసేదీ, రాలిన కాయ ఏరేదీ మనమే.

ముందు వానపాము ఏం చేయగలదో చూద్దాం. అది నేలను తొలిచి గాలికీ నీటికీ దారి చేస్తుంది. తిన్న మట్టి దాని కడుపులోంచి బయటికి వచ్చేసరికి అందులో సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. చాలా రకాల పురుగుమందుల అవశేషాలను, నేల మీద ఒలికిన డీజిల్‌ను మెల్లగా విరగ్గొట్టేది ఆ సూక్ష్మజీవులే. అంటే వానపాము విషాన్ని తినేసి మాయం చేయదు, విషాన్ని విరగ్గొట్టేవాటికి ఇల్లు కడుతుంది. అందుకు మేత కావాలి, తడి కావాలి, కాలం కావాలి.

చేయలేనిదేమిటంటే, రాగి, సీసం, కాడ్మియం లాంటి లోహాలను అది విరగ్గొట్టలేదు. లోహం ఎక్కడికీ పోదు. కొంత వానపాము ఒంట్లో చేరుతుంది, మిగతాది నేలలోనే ఉంటుంది. ఆ వానపామును కోడి తింటే కోడిలోకి, కోడి నుంచి మన పిల్లల కంచంలోకి వస్తుంది. పైగా రాగి ఎక్కువైతే వానపామే బతకదు. ఇంగ్లండులో ఏళ్ల తరబడి రాగి మందు కొట్టిన ఆపిల్ తోటల్లో వానపాములు లేకుండా పోయి, రాలిన ఆకు కుళ్లక చాపలా పేరుకుపోయిందని 1960ల్లోనే శాస్త్రవేత్తలు రాశారు. వానాకాలం గడిచినా మన చెట్ల కింద పాత ఆకు అలాగే ఉంటే, ఒకసారి అనుమానించాలి.

కొనే ముందు తెలుసుకోవాల్సింది మరొకటి. వర్మీకంపోస్టు తొట్టెలో పెంచే ఎర్ర వానపాము పేడలో, కుళ్లిన చెత్తలో బతికేది. దాన్ని తెచ్చి ఎండిన తోటలో వదిలితే చచ్చిపోతుంది, లేదా వెళ్లిపోతుంది. లోతుగా నేల తొలిచేది మన ఊరి నాటు వానపాము. దాన్ని కొనక్కర్లేదు. మేత వేసి, తడి నిలిపి, మందు ఆపితే అదే వస్తుంది.

మరి మన నేల వానపాముకు పనికొస్తుందా లేదా? ఆ మాట వానపామునే అడగొచ్చు. ప్రయోగశాలల్లో చేసే పరీక్షనే ఇంటి దగ్గర ఇలా చేసుకోవచ్చు. వెడల్పాటి టబ్బు మధ్యలో అట్టముక్క నిలబెట్టండి. ఒక పక్క మందు తగలని గట్టు మట్టి, మరో పక్క చెట్టు పాదులోని మట్టి సమానంగా పోయండి. రెండింటికీ ఒకే తడి ఉండాలి. అట్ట తీసేసి, మధ్య గీత మీద 10 వానపాములు వదలండి. చిల్లుల మూత పెట్టి, నీడలో 2 రోజులు ఉంచండి. తరువాత అట్ట మళ్లీ దించి లెక్కపెట్టండి. అటూ ఇటూ దాదాపు సమానంగా ఉంటే ఫర్వాలేదు. 8 కన్నా ఎక్కువ గట్టు మట్టిలోకి వెళ్లిపోతే, పాదు మట్టి వాటికి గిట్టడం లేదన్నమాట. ఒక్క టబ్బుతో తేల్చకండి, నాలుగైదు టబ్బులు పెట్టండి. ఏ మందు వల్ల అనేది ఈ పరీక్ష చెప్పదు. భూసార పరీక్ష కార్డులో రాగి లెక్క ఉంటుంది, సీసం, కాడ్మియం ఉండవు. వాటికి వేరే పరీక్ష చేయించాలి.

నేల బాగుచేయడంలో మొదటి పని విషం పోయడం ఆపడమే. ఖమ్మం వైపు పునుకుల గ్రామం 2000 తరువాతి తొలి ఏళ్లలోనే పురుగుమందులు మానేసింది. అక్కడ ముందు నిలబడినవాళ్లలో మహిళా సంఘాల ఆడవాళ్లున్నారు. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా మన సంఘాల ద్వారానే ఇంటింటికీ వచ్చింది. ఘన జీవామృతం, ఆచ్ఛాదన, నవధాన్యాల విత్తనాలు ఇవన్నీ నాటు వానపాముకు విందే. చెట్టు మొదట్లో కాకుండా కొమ్మల నీడ అంచున వేస్తే వేళ్లకూ అందుతుంది.

వర్మీకంపోస్టు అమ్మే సంఘాలకు ఒక మాట. తొట్టెలో టౌను చెత్త వేయొద్దు. బ్యాటరీ ముక్క, రంగు డబ్బా ఒక్కటి కలిసినా సీసం చేరుతుంది. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం కిలో వర్మీకంపోస్టులో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన పేడ, మన ఆకు, మన వంటింటి చెత్త చాలు. మన పేరు మీద అమ్మే సంచి మన పరువు.

కాబట్టి వచ్చే ఏడాదికి మా ఉపసంఘం మీ ముందు పెడుతున్న తీర్మానాలు మూడు. ఒకటి, తోటలో వదలడానికి వానపాములు కొనే అప్పులు ఇవ్వొద్దు, తొట్టెలు కట్టడానికీ, పేడకూ ఇద్దాం. రెండు, ప్రతి గ్రామ సమాఖ్యలో తొలకరి తరువాత కనీసం ఒక తోటలో టబ్బు పరీక్ష చేసి, ఫలితం మినిట్స్ పుస్తకంలో రాద్దాం. మూడు, అనుమానం ఉన్న నేలలోని వానపాములను కోళ్లకు వేయొద్దు, ఆ మట్టిలో ఆకుకూరలు పెంచొద్దు.

వానపాముకు కూలి ఇవ్వక్కర్లేదు, మేత పెడితే చాలు. కానీ దాని చేత కాని పని దాని నెత్తిన పెట్టి, మనం మందు డబ్బా పట్టుకుని తిరిగితే నేల బాగుపడదు. ఈ మూడు తీర్మానాల మీద చర్చించి, చేతులెత్తి ఆమోదించాలని కోరుతున్నాం.