మత్తుకు భయపడి మంచాన పడేయకండి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా అమ్మ వజూ చేసుకుంటూ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి కీలు మార్చాలన్నారు డాక్టర్లు. "ఈ వయసులో మత్తు ఇస్తే మళ్లీ కళ్లు తెరవదు" అన్నారు బంధువులు. పిల్లలకు పాఠాలు చెప్పే నేను కూడా తలూపి, ఆమెను టేకుమట్లకు తీసుకొచ్చేశాను. మంచంలో పుండ్లు పడ్డాయి. ఛాతీలో నెమ్ము చేరింది. ఐదో నెలలో అల్లాహ్ సన్నిధికి చేరుకుంది. నా తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఈ మాటలు.

మత్తు అంటే పూర్తిగా స్పృహ తప్పించడమే కాదు. తుంటి ఆపరేషన్‌కు ఇప్పుడు రెండు మూడు పద్ధతులు కలుపుతున్నారు. ముందుగా గజ్జల దగ్గర స్కానింగ్‌లో చూస్తూ నరాల చుట్టూ మందు ఎక్కిస్తారు. నొప్పి తగ్గి మనిషి పక్కకు తిరగగలుగుతాడు. తర్వాత నడుములో సన్నని సూదితో స్పైనల్ మత్తు ఇస్తారు. నడుము కింది భాగం రెండు మూడు గంటలు మొద్దుబారుతుంది. ఊపిరి తానే పీల్చుకుంటాడు. అవసరమైతే వెన్నులో ఎపిడ్యూరల్ అనే సన్నని గొట్టం ఉంచి, ఆపరేషన్ తర్వాత కూడా మందు ఇస్తారు. ఇలా కలిపితే నొప్పికి ఇచ్చే ఘాటు మందులు తగ్గుతాయి. వాటివల్ల వచ్చే వాంతులు, మగత కూడా తగ్గుతాయి. నొప్పి అదుపులో ఉంటే చాలామందిని మరునాడే వాకర్‌తో నిలబెడతారు.

అందరికీ ఒకే పద్ధతి కుదరదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి వెన్నులో సూది ప్రమాదం కావచ్చు. కొందరికి పూర్తి మత్తే మేలు. వాడే మందుల చీటీలన్నీ మత్తు డాక్టర్‌కు చూపించండి.

ఈ భయం పాతదే. క్లోరోఫాంతో రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాద్‌లోనే డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు కమిషన్లు పరీక్షలు జరిపాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండగా నిలిచారు. మత్తులో ఉన్నవారి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలని అవి గట్టిగా చెప్పాయి. గుండెకు ముప్పు లేదన్న వారి మాట తర్వాత తప్పని తేలింది. అందుకే ఇప్పుడు ఊపిరినీ గుండెనూ రెండింటినీ యంత్రాలతో క్షణక్షణం చూస్తారు.

దాతలకు నా విన్నపం ఒక్కటే. తుంటి విరిగితే వీలైనంతవరకు రెండు రోజుల్లో ఆపరేషన్ జరగాలి. ఆ రెండు రోజుల్లోనే పేద కుటుంబం వాహనానికి, చేతి ఖర్చుకు అప్పు కోసం తిరుగుతుంది. అప్పుడు అందే సాయమే సాయం. తర్వాత వాకర్, కమోడ్ కుర్చీ, ఫిజియోథెరపీ కావాలి. కింద కూర్చోలేకపోతే నమాజు పోతుందని పెద్దలు దిగులుపడతారు. నిలబడలేనివారు కూర్చుని చేయవచ్చని మన ధర్మం అనుమతించింది. అందుకు ఒక కుర్చీ ఇచ్చినా సదఖాయే.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.