రోకలి చప్పుడు ఎక్కడికి పోయింది?



మూడేళ్ళ కిందట సంక్రాంతికి అత్తవారి ఊరు వెళ్ళినప్పుడు, మా పెద్దత్తయ్యగారి చేత దంపుళ్ళ పాట పాడించి రికార్డు చేశాను. పెద్దత్తయ్యగారంటే మా అత్తగారి అక్కగారు. ఎనభయ్యో పడికి దగ్గరపడ్డ మనిషి, అరిసెల కోసం నానబోసిన బియ్యం రోట్లో పోసి, కొంగు నడుముకు బిగించి రోకలి పట్టుకున్నారు. రోకలి పైకి లేస్తుంటే ఒక మాట, కిందికి దిగుతుంటే ఒక మాట. మధ్యలో ఆ ఊపిరి! పాట అయ్యాక ఆవిడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. కాసేపు విని, "పాట నాదే గాని, నా రోకలి ఎవరెత్తుకుపోయారే?" అన్నారు.

ఎవరూ ఎత్తుకుపోలేదు, నేనే. అప్పటికి పిండి అయిపోయింది, ఆవిడకు ఆయాసం వచ్చింది. మళ్ళీ దంచమనడానికి నాకు నోరు రాలేదు.

జరిగిందేమిటో మనవి చేస్తాను. ఇప్పుడు చేతిలో ఇమిడే రికార్డర్లలో లో కట్ అని ఒక సదుపాయం ఉంటుంది. లోతైన, బొంగురు శబ్దాలను తగ్గించే ఫిల్టరు అది. కొన్నిటిలో 80, 120, 160 అని మెట్లుంటాయి. ఆ అంకెలు హెర్ట్జ్ లెక్క, అంటే సెకనుకు ఎన్నిసార్లు గాలి అదురుతుందో ఆ లెక్క. అంకె చిన్నదైతే శబ్దం లోతు, పెద్దదైతే సన్నం. మగవారి మాట సుమారు 100, 120 దగ్గర మొదలవుతుంది. ఆడవారి మాట 200 ప్రాంతంలో. లారీ గుర్రు, మైకు మీద గాలి కొట్టినప్పటి బుస్సుమనే చప్పుడు ఎక్కువగా అంతకంటే కిందే ఉంటాయి.

ఆ రోజు సావిట్లో ఫాను తిరుగుతోంది, వీధిలో లారీలు. గోల ఎక్కువగా ఉంటే అంకె పెద్దది పెట్టుకోమని ఎవరో చెప్పిన మాట గుర్తుండి, నేను 160 పెట్టేశాను. ఫిల్టరంటే జల్లెడ లాంటిదండీ. జల్లెడకు ఇది పిండి, ఇది నూక అని తెలియదు, సైజు ఒక్కటే తెలుసు. రోకలి రోట్లో పడ్డప్పుడు నేల అదిరే ఆ దబ్బుమనే చప్పుడుదీ, లారీ గుర్రుదీ ఒకటే సైజు. లారీతో పాటు రోకలీ పోయింది. పూర్తిగా పోలేదు లెండి, పైపైన చిన్న టకటక మిగిలింది. ఎవరో పక్కింట్లో బల్ల మీద గరిటె కొడుతున్నట్టు!

ఇంకో చిత్రం, ఫాను చప్పుడు మాత్రం అలాగే ఉంది. ఫాను గాలి మైకును కొట్టే బుస్సు తగ్గింది గాని, రెక్కల రొద మన గొంతుతో కలిసిపోయి ఉంటుంది. దాన్ని ఈ జల్లెడ ఏమీ చెయ్యలేదు. కరెంటు హోరూ అంతే. మన దేశంలో అది 50 దగ్గర మొదలై, 100, 150 దగ్గర కూడా పలుకుతుంది. 80 దగ్గర పెడితే మొదటిది తగ్గుతుంది, తక్కినవి ఉంటాయి. ఆ పూట నేను లేచి ఫాను స్విచ్చి ఆపి ఉంటే సరిపోయేది. స్విచ్చి నాలుగడుగుల దూరంలోనే ఉంది.

80 అన్నామంటే అక్కడ కత్తితో కోసినట్టు తెగిపోతుందనుకోకండి. పెంకుటింటి చూరులా వాలుగా దిగుతుంది. అందుకే మామూలు మాటలకు, ఇంటర్వ్యూలకు 80 పెట్టినా నష్టం ఉండదు. పాట అయితే, అందులో డోలో, మృదంగమో, రోకలో ఉంటే, ఫిల్టరు అసలు వద్దు. గుర్రు మిగిలితే ఇంటికి వచ్చాక కంప్యూటరులో తగ్గించుకోవచ్చు. రికార్డు చేసేటప్పుడు తీసేసినదాన్ని మాత్రం ఏ కంప్యూటరూ తెచ్చి ఇవ్వదు.

ఆరుబయట ఈదురుగాలి ఉంటే ఫిల్టరును నమ్ముకోవద్దు. గాలి దెబ్బకు మైకు దగ్గరే శబ్దం పగిలిపోతే, ఆ తరువాత జల్లెడ పట్టి లాభం లేదు. మైకుకు స్పాంజి తొడుగు వెయ్యాలి, గాలి ఎక్కువైతే బొచ్చు తొడుగు. బొచ్చు తొడుగు చూస్తే పిల్లి పిల్లలా ఉంటుంది, పిల్లలు లాగకుండా చూసుకోవాలి.

శబ్దం మట్టాన్ని యంత్రమే సర్దుకునే ఆటో పద్ధతి ఒకటుంది. కొత్తవారికి సుఖమే. కాని పాడే మనిషి ఊపిరి కోసం ఆగగానే, ఇదేదో నిశ్శబ్దంగా ఉందని యంత్రం చెవులు పెంచుకుంటుంది. ఆ సందులో ఫాను, వీధి కుక్క, వంటింట్లో గిన్నె అన్నీ పైకి లేస్తాయి. చేత్తోనే సర్దుకోవడం మేలు. ఎంత గట్టిగా పాడినా ముల్లు మైనస్ 12 దగ్గర ఆడేలా పెట్టుకుంటే పగలదు. మాటలకైతే మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంటే చాలు. ఎదురుగా పెడితే ప, బ, ఫ అన్నప్పుడల్లా ఊదినట్టు పడుతుంది. హెడ్‌ఫోన్లు మాత్రం పాట అయ్యాక కాదు, మొదలు పెట్టకముందే పెట్టుకుని ఒక నిమిషం వినాలి. నేను చెయ్యని పని అదే.

కొన్ని రికార్డర్లలో ఎర్ర మీట ఒకసారి నొక్కితే దీపం మిణుకుమిణుకుమంటుంది, అంతే. రెండోసారి నొక్కితేగాని రికార్డు కాదు. దాంతో ఒక పేరంటంలో హారతి పాటలన్నీ పోగొట్టుకున్నాను, అది మరో రోజు చెబుతాను. బాటరీలు కొత్తవి వేసుకోండి. మంచి నాణ్యతతో వేవ్ ఫైలుగా పెడితే గంటకు సుమారు 1 గిగాబైటు పడుతుంది, కార్డులో అంత చోటు ఉంచుకోండి.

ఇంత చిన్న డబ్బాకు ముందు ఏముండేదని మా అమ్మాయి అడిగింది. పోలండులో పుట్టి స్విట్జర్లండులో స్థిరపడిన స్టీఫన్ కుడెల్స్కీ అనే ఆయన 1951లో, భుజాన వేసుకుపోయే టేపురికార్డరు చేశారు. మొదటిదానికి గోడగడియారానికి ఇచ్చినట్టు కీ ఇచ్చి తిప్పేవారు. దాని పేరు నాగ్రా. పోలిష్ భాషలో 'రికార్డు చేస్తుంది' అని అర్థమట. తరువాతి నాగ్రాలను ఔట్‌డోరు షూటింగులకు సినిమా వాళ్ళు చాలా ఏళ్ళు మోశారు.

మరుసటి సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. పెద్దత్తయ్యగారికి చెయ్యి లేవడం లేదు. పీట వేసుకుని కూర్చుని పాడారు, కోడళ్ళిద్దరూ దంచారు. ఫాను ఆపాను, ఫిల్టరు తీసేశాను, మైకు రోటికీ ఆవిడకూ మధ్య పెట్టాను. ఈసారి రోకలి దబ్బుదబ్బుమని పడింది. కాని మొదటిసారి ఆవిడే దంచుతూ పాడినప్పటి ఆ ఊపిరి దీంట్లో లేదు. కోడళ్ళ రోకలి వెంట పాట నడిచింది, అంతే.

పోయిన ఏడు ఆవిడ కాలం చేశారు. నా దగ్గర ఇప్పుడు రెండు ఫైళ్ళున్నాయి, ఒకదాంట్లో ఆవిడ ఊపిరి, ఇంకోదాంట్లో రోకలి. రెండోదాంట్లో చివర ఒక కోడి కూత కూడా పడింది. మా అబ్బాయి, "అమ్మా, ఆ కోడిని తీసెయ్యనా?" అని అడిగాడు. ఉండనివ్వమన్నాను.

సెలవు.