ఎనిమిదో తరగతిలో ఒక పరీక్ష

జలంత్రకోట నుంచి పలాస, టెక్కలి దాకా ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ మాట చేరాలి. ఎన్ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకారవేతన పథకం 2008లో మొదలైంది. దాని పరీక్షలో ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏటా 12,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. జీడిపిక్కల పనికి వెళ్లే ఇంటికీ, సముద్రం మీద వేటకెళ్లే ఇంటికీ అది చిన్న మొత్తం కాదు.

మొత్తం 180 ప్రశ్నలు. సగం పాఠ్యపుస్తకాలవే: సామాన్యశాస్త్రం, సాంఘికం, లెక్కలు. వాటికి మన పిల్లలు జంకరు. తడబడేది మిగతా సగమైన తార్కిక ప్రశ్నల దగ్గరే. ఉదాహరణకు, 3, 7, 15, 31 తర్వాత ఏది? ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేసి ఒకటి కలుపుకుంటూ పోవాలి, జవాబు 63. ఇలాంటివి రాకపోతే తెలివి లేక కాదు, అలవాటు లేకే. రోజూ కొన్ని చేయిస్తే బెరుకు పోతుంది. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు, అందుకే ఏ ప్రశ్ననూ వదలొద్దని చెప్పండి.

కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. హాస్టల్ వసతి ఉన్న గురుకులాల పిల్లలకు ఈ పథకం వర్తించదు.

ఎంపికయ్యాక కూడా ఏటా రెన్యువల్ చేయించాలి. ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు పాసుబుక్కులో పేరు ఒకేలా లేకపోతే డబ్బు ఆగిపోవచ్చు. అమ్మలూ, నాన్నలూ, ఆ మూడింటినీ ఈ వారమే పక్కపక్కన పెట్టి సరిచూడండి.