శిక్షకు ముందు నిర్వచనం



సాహిత్యానికీ నేరచట్టానికీ ఏం సంబంధమని ఈ సభ ఆహ్వానపత్రిక చూసిన మిత్రులు అడిగారు. భారత శిక్షాస్మృతి 378వ సెక్షన్ తెరిచి చూడమన్నాను. దొంగతనానికి నిర్వచనం అక్కడుంది. దాని కింద దృష్టాంతాల్లో ఒక ఎద్దు ధనం పెట్టె మోస్తూ పోతుంటుంది. పెట్టె కాజేద్దామని 'ఏ' అనేవాడు ఎద్దును ఒక దిక్కుకు అదిలిస్తాడు. ఎద్దు కదిలిందా, దొంగతనం పూర్తయినట్టే. పెట్టె మీద వాడి చెయ్యి పడనక్కరలేదు. ఇంకోచోట ఒకడు ఎదుటివాడి జేబులో చెయ్యి పెడతాడు. జేబు ఖాళీ. అయినా దొంగతనానికి ప్రయత్నించిన నేరం తప్పదు. దారిలో ఎవరి స్వాధీనంలోనూ లేని ఉంగరాన్ని తీసుకున్నవాడు మాత్రం దొంగ కాడు. వాడిది వేరే నేరం కావచ్చు.

ఈ బుల్లి కథలతో చట్టం రాయడం మెకాలే నాయకత్వంలోని తొలి లా కమిషన్ పద్ధతి. 1837లో ముసాయిదా సిద్ధమైంది, 1860లో చట్టమైంది, 1862 జనవరి 1న అమలుకొచ్చింది. మన భాషల మీద ఆయనకున్న చిన్నచూపును నేను క్షమించలేదు. వాక్యం రాయడం మాత్రం ఆయనకు వచ్చు.

ఘోరమేదైనా జరిగితే మనం వీధిలోకొచ్చి ఉరి వెయ్యమంటాం. కోర్టులో అసలు పోరాటమంతా దానికి ముందే, నిర్వచనం దగ్గర జరుగుతుంది. గుంటూరు జిల్లాలో ఒక పల్లె కక్షనే తీసుకోండి. ఒక మనిషిని బరువైన కర్రలతో కాళ్ల మీదా చేతుల మీదా కొట్టారు. మనిషి చనిపోయాడు. సెషన్స్ కోర్టు హత్య అంది. దెబ్బలు ఆయువుపట్టు మీద పడలేదు గదా అని హైకోర్టు దాన్ని హత్య కాని నరహత్యకు శిక్ష చెప్పే 304వ సెక్షన్ రెండో భాగానికి దించింది. 1976లో సుప్రీంకోర్టు మళ్లీ హత్యేనంది. జస్టిస్ సర్కారియా రాసిన ఆ తీర్పును లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. చంపాలనుకున్నారా అన్నదొక్కటే ప్రశ్న కాదు. ఆ గాయాలు చెయ్యాలనే కొట్టారా? మామూలుగా ప్రాణం తియ్యడానికి ఆ గాయాలు చాలా? రెండింటికీ అవునని తేలితే 300వ సెక్షన్ మూడో క్లాజు ప్రకారం అది హత్యే. కాళ్లూ చేతులే కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. మనిషి మనసులో ఏముందో గాయాల్లోంచి చదవడమంటే ఇదే. కథకులకు ఈ పని కొత్త కాదు.

2024 జులై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు శిక్ష చెప్పే 302 కాస్తా 103 అయింది. పాత నిర్వచనాల్లో చాలావరకు నంబరు మారిందే తప్ప మాట మారలేదు. ఎద్దు కూడా భద్రంగానే ఉంది. కొత్తగా చేర్చినచోటే నాకు సందేహాలు. లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్‌లో ప్రత్యేక నేరం చేశారు. గరిష్ఠంగా మూడేళ్లు. మామూలు దొంగతనం మొదటిసారి రుజువైతే గరిష్ఠం అదే మూడేళ్లు. మెడలో గొలుసు తెంపుకుపోయినవాడికి తేడా ఒక్కటే, ఉత్త జరిమానాతో వదిలిపెట్టడం కుదరదు, జైలు తప్పదు. అంతమాత్రానికి వేరే సెక్షన్ ఎందుకో రాసినవాళ్లే చెప్పాలి. అయిదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొత్తు తిరిగిచ్చినవాడికి జైలు బదులు సమాజసేవ విధించడం మాత్రం మంచి మార్పు.

రాజద్రోహం సెక్షన్ పోయిందన్నారు. దాని చోటికి 152 వచ్చింది. మాటతోగానీ రాతతోగానీ వేర్పాటును రెచ్చగొట్టినా, దేశ సార్వభౌమత్వానికి, ఐక్యతకు ప్రమాదం తెచ్చినా నేరం. శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. చట్టబద్ధమైన మార్పు కోరుతూ ప్రభుత్వాన్ని విమర్శించడం గురించి ఒక వివరణ ఉంది గానీ, దృష్టాంతం ఒక్కటీ లేదు. ఎరవేసి పెంపుడు కుక్కను వెంట తీసుకుపోయేవాడికి ఈ గ్రంథంలో కథ దొరుకుతుంది, కవిత రాసేవాడికి దొరకదు. మధ్యాహ్నం పత్రాలు చదవబోయే న్యాయవాద మిత్రులను నేను కోరేది ఒకటే. 152 కింద రెండు దృష్టాంతాలు మీరే రాసి వినిపించండి. 'ఏ' ఏం రాస్తే నేరమో ఒకదానిలో, ఏం రాస్తే కాదో రెండోదానిలో.