చలం దీక్షితులు గారికి రాసిన ఉత్తరాలు



కవి కాళోజీని తలుచుకోవడానికి హన్మకొండ సుబేదారిలో కూడినప్పుడు చలం ఊసెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కాళోజీ తన గొడవను 1953లో ‘నా గొడవ’ పేరుతో అచ్చువేసి లోకం ముందు పెట్టిన మనిషి. చలం కూడా మనసులో మాట దాచుకునే రకం కాదు. అంతటి చలం పుస్తకాల్లో పెట్టలేని దిగులు కొంత ఒక మిత్రుడికి ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. ఆ మిత్రుడు చింతా దీక్షితులు. ఆ ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి.

ఇద్దరూ విద్యాశాఖలో పనిచేసినవాళ్లే. దీక్షితులు గారు 1891లో పుట్టారు, చలం 1894లో. ఒకరు పిల్లలకు కథలు చెప్పిన సౌమ్యుడు, మరొకరు ఊళ్లకు ఊళ్లు దూరం పెట్టిన రచయిత. ఈ స్నేహం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

చలం ఆశాభంగాలు చిన్నవి కావు. కాకినాడలో చదువుకునే రోజుల్లో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లాడు. కొన్నాళ్లకు ఆ నమ్మకమూ సడలింది. ‘మైదానం’ నవల తర్వాత నిందలు ముసురుకున్నాయి. కొడుకు రవి పసితనంలోనే పోయాడు. అలాంటి మనిషిని రమణ మహర్షి దగ్గరికి తీసుకెళ్లింది దీక్షితులు గారే. అయితే చలం వెంటనే భక్తుడైపోలేదు. వెనక్కొచ్చి ఏళ్ల తరబడి తనతో తాను పెనుగులాడాడు.

1950లో విజయవాడ వదిలి, మహర్షి ఆశ్రమం ఉన్న అరుణాచలం చేరాడు. ఆ ఏడాది ఏప్రిల్ 14నే మహర్షి దేహం చాలించారు. ఏ మనిషిని నమ్మి వెళ్లాడో ఆ మనిషి అంత త్వరగా వెళ్లిపోయినా, చలం తిరిగి రాలేదు. 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు.

చలం ఓడిపోయి ఆశ్రమంలో దాక్కున్నాడని ఆయన అభిమానుల్లోనే కొందరంటారు. చేసినదానికి పశ్చాత్తాపపడ్డాడని భక్తులంటారు. రెండు మాటలూ నేనొప్పుకోను. చలం ఆరాటం మొదటినుంచీ ఒక్కటే. స్త్రీ స్వేచ్ఛ కోసం రాసినప్పుడూ, శాంతి కోసం వెతికినప్పుడూ ఆ మనిషికి అరకొర సమాధానంతో సరిపెట్టుకోవడం చేతకాలేదు. అనుమానాన్ని అనుమానంగానే రాసుకోగలిగే చోటు ఆయనకు దీక్షితులు గారి దగ్గర దొరికింది. మిత్రుడు మహర్షిని నమ్ముతున్నాడు, తాను నమ్మలేకపోతున్నాడు. అయినా ఉత్తరం ఆగలేదు. మన సాహిత్య చరిత్రలు పుస్తకాల జాబితాలు ఇస్తాయి గానీ, ఈ ఓర్పును లెక్కలోకి తీసుకోవు. అది పెద్ద లోటు.

వరంగల్, హన్మకొండ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో తెలుగులో, ఉర్దూలో రాసుకున్న ఇలాంటి ఉత్తరాలు ఇంకా ఉంటాయి. దయచేసి వాటిని చిత్తుకాగితాలతో కలిపి అమ్మేయకండి. మన హన్మకొండలో 1904 నుంచీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం ఉంది. వెళ్లి, ఈ ఉత్తరాలు దాచే వీలుందేమో అడగండి.