నాకు లీవర్ యాక్షన్ రైఫిల్ కావాలి.. కానీ నేను హెచ్1బీ

ఈ రోజు టాపిక్ కొంచెం డిఫరెంట్. నాకు చాలా కాలంగా ఉన్న ఒక కోరిక గురించి. నేను టెక్సాస్‌లో ఉంటాను, హెచ్1బీ మీద. నాకు ఒక రైఫిల్ కావాలి. ఏదో ఒకటి కాదు, లీవర్ యాక్షన్, అదీ .357 మ్యాగ్నమ్ పిస్టల్ క్యాలిబర్‌లో.

లీవర్ యాక్షన్ అంటే మీకు తెలుసు, పేరు తెలియకపోవచ్చు అంతే. మన కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' 1971లో వచ్చినప్పటి నుంచి మనకి కౌబాయ్ టోపీ, గుర్రం అంటే పిచ్చి కదా. ఆ ప్రపంచం తుపాకీ ఇది. ట్రిగ్గర్ చుట్టూ ఒక ఇనప పిడి ఉంటుంది. దాన్ని కిందికి తోస్తే కాల్చిన ఖాళీ తొడుగు బయటికి ఎగిరిపోతుంది, హ్యామర్ వెనక్కి వెళ్లి నిలబడుతుంది. పిడి పైకి లాగితే బ్యారెల్ కింద ఉన్న గొట్టంలోంచి వచ్చిన కొత్త తూటా లోపలికెళ్లి కూర్చుంటుంది. కటక్, కటక్. అంతే. బ్యాటరీ లేదు, యాప్ లేదు.

మరి రైఫిల్‌లో పిస్టల్ తూటా ఎందుకు? ఇది ఇప్పటి ఫ్యాషన్ కాదు. విన్‌చెస్టర్ కంపెనీ 1873లో తెచ్చిన రైఫిల్ .44-40 అనే తూటాతో వచ్చింది. కొన్నేళ్లకే కోల్ట్ వాళ్లు అదే తూటాకి రివాల్వర్ చేశారు. దగ్గర్లో ఊరు లేదు, షాపు లేదు, గుర్రం మీద రోజుల తరబడి ప్రయాణం. అలాంటివాడు నడుముకున్న రివాల్వర్‌కీ, జీనుకి వేలాడే రైఫిల్‌కీ ఒకటే తూటాల పెట్టె మోస్తే చాలు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

.357 మ్యాగ్నమ్ 1935లో రివాల్వర్ కోసం పుట్టింది. దాన్ని పొడుగు బ్యారెల్‌లో పెడితే మందు కాలడానికి, గ్యాస్ తూటాని తోయడానికి ఎక్కువ దూరం దొరుకుతుంది. రివాల్వర్‌తో పోలిస్తే సెకనుకు 400, 500 అడుగుల దాకా స్పీడు పెరగొచ్చు. తుపాకీ మూడు కిలోల దాకా బరువు కాబట్టి భుజానికి దెబ్బ కూడా తక్కువే. ఇంకో మంచి విషయం, .38 స్పెషల్ అనే చిన్న తూటా కూడా ఇందులో పనిచేస్తుంది. అది చవక, సౌండ్ తక్కువ. రివర్స్ మాత్రం కుదరదు, .38 తుపాకీలో .357 పెట్టకూడదు. ఇంకొకటి, గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ముందున్న తూటా అడుగు భాగానికి వెనక దాని మొన తగులుతుంది. అందుకే మొన బల్లపరుపుగా ఉన్నవి వాడతారు. సూదిలా ఉంటే లోపలే పేలే ప్రమాదం.

సినిమాల సంగతి ఒక్క మాట. 1860ల, 70ల కథలు అంటారు, చేతిలో చూస్తే 1892 మోడల్ విన్‌చెస్టర్! నాకు నవ్వొస్తుంది. జాన్ వేన్ దాన్ని ఒంటిచేత్తో గిర్రున తిప్పితే మాత్రం నవ్వు ఆగిపోయి చూస్తాను.

సరే, ఇంత ఇష్టం ఉంటే కొనొచ్చుగా? ఇక్కడే అసలు సంగతి, స్టూడెంట్స్ జాగ్రత్తగా వినండి. ఎఫ్1 అయినా, హెచ్1బీ అయినా, ఇలాంటి టెంపరరీ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అదే లెక్క. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. వీసా సంగతి ఇక చెప్పక్కర్లేదు. మన పిల్లలు వీకెండ్ రేంజ్‌కెళ్లి రీల్ పెడతారు చూశారా, తమ్ముడూ, ఆ రీల్ నువ్వే తీసిపెట్టిన సాక్ష్యం.

మినహాయింపు ఒకటుంది, వేట లైసెన్స్. అది చెల్లుబాటులో ఉంటే చట్టం ఒప్పుకుంటుంది. చాలామంది 'ఆన్‌లైన్‌లో లైసెన్స్ తీసుకో, పనైపోయింది' అంటారు. నిజమే, దారి ఉంది. కానీ ఆ లైసెన్స్ గడువు ఒక్క రోజు దాటినా నేను నేరస్తుడినే. వేటకి వెళ్లని మనిషిని, ఒక బొమ్మ మోజు కోసం పదేళ్ల ఉద్యోగం ఆ తేదీకి కట్టేయలేను. ఇది నా లెక్క, మీది వేరే ఉండొచ్చు. అయితే లాయర్‌ని అడగండి, రూమ్మేట్‌ని కాదు.

మా బావకి సిటిజన్‌షిప్ ఉంది. 'నా పేరు మీద కొంటాలే, నువ్వు వాడుకో' అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ షాపులో నింపే 4473 ఫారంలో నిజంగా కొనేది మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే బావ కూడా నాతో పాటే మునుగుతాడు. ఇంకేం కొంటాం!

కాబట్టి ప్రస్తుతం ఏ మోడలో ఎంచుకోవడం వరకే నా పని. బ్రెజిల్ నుంచి వచ్చే రోసీ మిగతావాటికంటే చవక. హెన్రీ వాళ్ల ఇత్తడి బాడీ అద్దంలా మెరుస్తుంది, నాకైతే పెళ్లి బిందెలా అనిపిస్తుంది. నా మనసు మార్లిన్ 1894 మీదుంది. 2020లో ఆ బ్రాండ్‌ని రూగర్ కొన్నది. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది కాబట్టి ముందు ఇనప లాకర్ కొనాలి, తర్వాతే రైఫిల్ అని మా ఆవిడ షరతు. దానికి నేను ఒప్పుకున్నాను. గ్రీన్ కార్డ్ లైన్‌లో నా ప్రయారిటీ డేట్ 2016. ఈబీ2, ఇండియా. ఎప్పుడొస్తుందో మీరే ఊహించుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.