పురానీ హవేలీలో మా పిల్లలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి చలికాలంలో మేము మా ఉర్దూ మాధ్యమ పాఠశాల పిల్లలను వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ నుండి హైదరాబాదు వెళ్ళాము. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం అందరూ చూసేవే. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం కూడా చూపించాలని మా కోరిక. కారణం లేకపోలేదు. మన పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీదనే. ఆయన నివసించిన భవనమది.

2000 సంవత్సరంలో ప్రారంభమైన ఈ మ్యూజియంలో ఉన్నది ఒక్క కుటుంబపు సొంత సామాను. భవనంలో ఒక పక్క పొడవునా మహబూబ్ అలీఖాన్ దుస్తుల బీరువాలే. అవీ రెండంతస్తులు! పైకి పోవడానికి చేత్తో తిప్పి నడిపే కొయ్య లిఫ్టు. తొడిగిన బట్ట ఆయన మళ్ళీ తొడిగేవారు కాదని చెప్పుకుంటారు. అది విని ఒక పిల్లవాడు, "అయితే వాళ్ళింట్లో ఉతికే పనే లేదన్నమాట సార్!" అన్నాడు. అందరమూ నవ్వుకున్నాము. ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ మాత్రం పొదుపుకు పేరుపడ్డ మనిషి.

1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ పాలనకు 25 ఏళ్ళు నిండినప్పుడు రజతోత్సవం చేశారు. అప్పుడు వచ్చిన కానుకలే ఈ మ్యూజియంలో ముఖ్యం. నగరంలోని పెద్ద పెద్ద కట్టడాల వెండి నమూనాలున్నాయి. వాటితోపాటు ఉర్దూలో అభినందనలున్నాయి. చూడవచ్చినవాళ్ళు వెండిని చూసి ముందుకు సాగిపోతున్నారు. మా ఎనిమిదో తరగతి పాప ఒకతె అక్కడే ఆగి, గట్టిగా చదవసాగింది. పక్కనున్న ఒక పెద్దాయన, "ఏం రాసుందమ్మా?" అని అడిగారు. పాప తెలుగులో చెప్పింది. ఇంకో నలుగురు చుట్టూ చేరారు. "ఉర్దూ మీడియం చదివి ఏం లాభం?" అని రోజూ వినే పిల్ల ఆవేళ పదిమందికి పాఠం చెప్పింది. మాకు కళ్ళు చెమర్చాయి.

ఇక్కడ ఒక మాట మనవి చేసుకోవాలి. 2018 సెప్టెంబరులో ఈ మ్యూజియంలో దొంగలు పడి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకుపోయారు. కొద్దిరోజుల్లోనే పోలీసులు వాటిని పట్టి తెచ్చారు. పోయిన బంగారం తిరిగివచ్చింది. మా ఇంట్లో ఏం జరిగిందో వినండి. మా తాతగారు నిజాం కాలంలో గిర్దావరు. ఆయన రాసుకున్న ఉర్దూ కాగితాలు ఒక ట్రంకుపెట్టెనిండా ఉండేవి. ఇల్లు సున్నం వేయించేటప్పుడు పాత పేపర్లతో కలిపి తూకానికి వేశాము. దొంగలెవరూ రాలేదు, మేమే ఇచ్చాము. అవి మళ్ళీ రాలేదు. ఉర్దూ పంతుళ్ళమై ఉండి చేసిన పని ఇది!

కనుక మా విన్నపం ఒక్కటే. మీ ఇళ్ళల్లో పాత నిఖానామాలు, భూముల సనదులు, ఉత్తరాలు ఉంటే పారేయకండి. చదవడం రాకపోతే మా బడికి తీసుకురండి. మా పిల్లలు చదివి, తెలుగులో రాసిపెడతారు. కాగితం మీదే, మీ చేతికే తిరిగి ఇస్తాము. మ్యూజియం కట్టే స్తోమత మనకు లేదు. ట్రంకుపెట్టెకు తాళం వేసుకునే స్తోమత అందరికీ ఉన్నది.